చదరపు అంగుళానికి 18 రూపాయలు

నేను మనుషుల బొమ్మలు వేస్తాను. నెలజీతం మీద బతికే కుటుంబం అప్పు చేయకుండా, ఇంట్లో మాట పట్టింపు రాకుండా కొనుక్కోగలిగిన ధరకు వాటిని అమ్ముతాను. ప్రస్తుతం నా లెక్క చదరపు అంగుళానికి 18 రూపాయలు. ఆ లెక్కన 8×10 అంగుళాల నీటిరంగుల బొమ్మ 1,440 రూపాయలు, 12×16 కాన్వాసు 3,456, 18×24 కాన్వాసు 7,776 అవుతాయి. చిల్లర సర్దేసి 1,400, 3,500, 7,800 అని అట్టముక్క మీద రాసి పెడతాను. తోటి చిత్రకారులు కనిపించినప్పుడల్లా ఇంత తక్కువకు ఎందుకు ఇచ్చేస్తున్నావని నిలదీస్తారు. కొనడానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఒక్క మనిషి బొమ్మకు ఇంత ధర ఏమిటని ఆశ్చర్యపోతారు. ఈ రెండు ప్రశ్నలకూ ఎవరికి వారికి విడిగా జవాబు చెప్పి విసిగిపోయి, అంతా ఒకచోట రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

ధరను నేను బొమ్మ పూర్తయ్యాక నిర్ణయించను. ఖాళీ కాన్వాసు ముందు కూర్చునేటప్పటికే అది తేలిపోయి ఉంటుంది. ఎంత పరిమాణం, ఎందరు మనుషులు, ఎన్ని రంగులు, వెనక ఏముండాలి అన్నవన్నీ ఆపైన దాని మాట విని నడుస్తాయి. దీన్ని రాజీపడటం అనేవాళ్ళతో నాకు పేచీ లేదు కానీ, ఆ మాట పూర్తిగా నిజం కూడా కాదని నా అనుభవం. 3,500 రూపాయల బొమ్మలో నేను తలుపులూ కిటికీలూ వేయలేను, వెనక బజారంతా చూపించలేను, అయిదుగురిని నిలబెట్టలేను. ఒక్క మనిషి, ఆ మనిషి చేస్తున్న ఒక్క పని, అంతే. అలా చుట్టూ ఉన్నదంతా తీసేసిన తరవాత ఆ ఒక్క మనిషి కూర్చున్న తీరులో తప్పు దొర్లితే దాచుకోవడానికి చోటుండదు. పెద్ద కాన్వాసుల మీద నేను వేసిన గుంపు బొమ్మల్లో కంటే ఈ చిన్నవాటిలోనే గీత గట్టిగా ఉంటుందని, నాకు మొహమాటం లేకుండా చెప్పగలిగినవాళ్ళు చెప్పారు.

మాట వరసకు మా వీధి మొదట్లో పూలమాలలు కట్టే ఆవిడ బొమ్మ తీసుకుంటాను, ఎందుకంటే నేను ఎక్కువసార్లు వేసింది అదే. ఆవిడ గోనెపట్టా మీద ఒక మోకాలు పైకి లేపి కూర్చుంటుంది. తడిపిన అరటినార ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించి, రెండో కొస వైపునుంచి మల్లెమొగ్గలను అటు రెండు ఇటు రెండు పేర్చి ముడి వేస్తూ పోతుంది. ఎడమచేతి బొటనవేలు ముడిని అదిమి పడుతుంది, కుడిచేతి చూపుడువేలు నారను తిప్పుతుంది, మిగిలిన మూడు వేళ్ళూ ఏ పనీ లేనట్టు విచ్చుకుని ఉంటాయి. ఆ మూడు వేళ్ళు సరిగ్గా పడితే బొమ్మ నిలుస్తుంది. పడకపోతే ముఖం ఎంత అందంగా దించినా అది క్యాలెండరు బొమ్మే అవుతుంది. తల వంచి ఉంటుంది కాబట్టి కళ్ళు కనిపించవు, రెప్పల గీత మాత్రమే కనిపిస్తుంది. ముఖం మీద నేను గడిపే సమయం కంటే రెండు చేతుల మీదా ఆ కాలి బొటనవేలి మీదా గడిపేది రెట్టింపు ఉంటుంది.

రంగుల విషయంలోనూ ఇదే పొదుపు. తెల్ల జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే అడుగుపూత) పూసిన కాన్వాసు మీద ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపి నీళ్ళు ఎక్కువ చేసి ఒక పలచటి పూత ముందే వేసుకుంటాను. ఆరిన తరవాత ఆ మట్టిరంగే చర్మానికి నడిమి ఛాయగా పనికొస్తుంది. వెలుగు పడేచోట కాస్త లేతరంగు, నీడ ఉన్నచోట కాస్త ముదురు రంగు వేస్తే చాలు, మధ్యలో చాలాచోట్ల కుంచె పెట్టే పనే ఉండదు. మన చామనఛాయ ఒంటికి నీడ వేయాలంటే సియెన్నాలో అల్ట్రామెరైన్ నీలం కలపాలి కానీ నలుపు కలపకూడదు. నలుపు కలిపితే చర్మం బూడిద పూసినట్టు చచ్చుబడుతుంది. ఈ మూడూ కాక తెలుపు ఒకటి, ఎరుపు ఒకటి. కాడ్మియం రంగుల జోలికి వెళ్ళను, వాటి ధర నా లెక్కలో ఇమడదు. ఆయిల్ రంగులంటే నాకు ఇష్టమే, కానీ ఆయిల్ బొమ్మ లోపలిదాకా ఆరి వార్నిష్‌కు సిద్ధం కావాలంటే నెలలు పడుతుంది, అన్నాళ్ళూ నా డబ్బు గోడకు వేలాడుతూ ఉంటుంది. నేను కాన్వాసు మీద వాడే ఆక్రిలిక్, అంటే నీళ్ళు కలిపి వేసే రంగు, పావుగంటలో ఆరిపోతుంది. ఆయిల్ ఇచ్చే మెత్తదనం ఇందులో రాదు, ఆ సంగతి ఒప్పుకోవలసిందే.

ఈ పొదుపు నాకు అబ్బింది కళాశాలలో కాదు. మొదట బొమ్మ నేర్పిన ఆయన సినిమా బ్యానర్లు రాసేవారు. చదరపు అడుగు లెక్కన కూలి. నూలుదారానికి రంగుపొడి అద్ది, ఇద్దరం చెరొక కొస పట్టుకుని మధ్యలో లాగి వదిలితే గుడ్డ మీద నిట్టనిలువు గీత పడేది. అలా గళ్ళు కొట్టుకుని, చేతిలోని ఫోటో మీద అవే గళ్ళు గీసుకుని, హీరో ముఖాన్ని ఇరవై అడుగులకు పెంచేవారు. చెంప మీద నీడకు నీలం, దవడ కింద ఆకుపచ్చ, ముక్కు మీద గులాబీ రంగు దెబ్బ. దగ్గరగా చూస్తే రంగుల మరకలు, రోడ్డు అవతలినుంచి చూస్తే మనిషి. ఎంత కూలికి ఎంత పని చేయాలో ఆయనకు కచ్చితంగా తెలుసు, చొక్కా మడతల మీద ఒక్క నిమిషం ఎక్కువ ఖర్చు పెట్టేవారు కాదు, కళ్ళ దగ్గర మాత్రం గంటలు గడిపేవారు. 2000 తరవాత ఫ్లెక్సీలు వచ్చి ఆ వృత్తిని చూస్తుండగానే తుడిచిపెట్టేశాయి. తక్కువ ధరకు మనుషుల బొమ్మలు వేయడం అనే విద్య మన ఊళ్ళలో బతికింది వాళ్ళ చేతుల్లోనే అని నేను నమ్ముతాను. కళాచరిత్ర రాసేవారు వాళ్ళను పట్టించుకున్నది తక్కువ.

అసలు చవక బొమ్మ అంటే చులకన ఎందుకో నాకు అర్థం కాదు, ఎందుకంటే మన దేశంలో మనుషుల బొమ్మలు జనం ఇళ్ళలోకి చేరిందే ఆ దారిన. పంతొమ్మిదో శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ గుడి చుట్టూ కూర్చున్న పటువాలు, అంటే పటాలు వేసే చిత్రకారులు, మిల్లు కాగితం మీద నీటిరంగులతో, ఒకే ఊపులో తిరిగే పొడవాటి గీతలతో దేవతలనూ, షోకిలా బాబులనూ, వాళ్ళను చీపురుతో కొట్టే భార్యలనూ వేసి యాత్రికులకు చిల్లర డబ్బులకు అమ్మేవారు. చవకగా అచ్చయిన పటాలు బజారును ముంచెత్తాక వాళ్ళ బేరం పడిపోయింది. రాజా రవివర్మ సంగతి మనకు బాగా తెలిసిందే: సంస్థానాధీశులకు పెద్ద తైలవర్ణ చిత్రాలు వేసిన ఆయనే 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించి, లక్ష్మినీ సరస్వతినీ పూరిగుడిసెల దాకా పంపించారు. మన దగ్గర వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రాలను జాగ్రత్తగా కత్తిరించి అద్దం కట్టించుకున్న ఇళ్ళు ఎన్నో. ఆ పత్రిక ఖరీదుకు అంత నాణ్యమైన బొమ్మ ఇంకెక్కడా దొరికేది కాదు.

అయితే ఇవన్నీ, కాళీఘాట్ తప్ప, అచ్చు బొమ్మలు. చేత్తో వేసిన అసలు బొమ్మనే మామూలు మనుషులకు అందించాలని పట్టుబట్టినవారిలో నాకు దగ్గరగా అనిపించేది బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్. పాశ్చాత్య పద్ధతిలో రూపచిత్రాలు వేసే పని వదిలేసి, బెంగాలు పటాల గీతను పట్టుకుని, మట్టిరంగులూ ఆకురంగులూ వాడి, ఇష్టపడిన బొమ్మను మళ్ళీ మళ్ళీ వేసి, మధ్యతరగతి వాళ్ళు కొనగలిగే ధరకు ఇచ్చారు. ఒకే బొమ్మ అన్నిసార్లు వేస్తే దాని విలువ ఏముంటుందని ఆనాడే విమర్శించారు. ఆయన పోయాక 1976లో ప్రభుత్వం ఆయన చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించింది కాబట్టి వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. నేను కూడా పూలమాలల ఆవిడను మళ్ళీ మళ్ళీ వేస్తాను, కానీ పాత బొమ్మను చూసి కొత్తది వేయను. ప్రతిసారీ స్కెచ్చు నుంచి మొదలుపెడతాను, కాన్వాసు వెనక అది ఆ వరసలో ఎన్నోదో రాస్తాను. కొనేవారికి ఆ విషయం ముందే చెబుతాను. ఇది విని వెనక్కి తగ్గినవారు ఉన్నారు, దానికి నేనేమీ అనుకోను.

రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి చిత్రశాలకు నేను తరచుగా వెళ్తాను. 1925లో మశూచి సోకి, 28 ఏళ్ళు నిండకుండానే పోయిన మనిషి అంత పని ఎప్పుడు చేశారా అనిపిస్తుంది. బొంబాయి జేజే చిత్రకళా స్కూలులో చదివి తిరిగొచ్చిన ఆయన గీసిన మనుషుల ఒంటి గీతను చూస్తూ నిలబడితే, నా చేతిలో ఇంకా ఎంత బరువు తగ్గాలో తెలుస్తుంది.

ఇక అమ్మకం. నాకు అన్నిటికంటే బాగా అచ్చివచ్చినది బెంగళూరు చిత్రసంతె. కర్ణాటక చిత్రకళా పరిషత్తు 2003 నుంచి నడుపుతున్న ఈ సంత జనవరిలో ఒక ఆదివారం జరుగుతుంది. కుమారకృపా రోడ్డు మీద వాహనాలు ఆపేసి, రెండు వైపులా చిత్రకారులను కూర్చోబెడతారు. వంద రూపాయల కాగితం బొమ్మ పక్కనే లక్షల ఖరీదు కాన్వాసు ఉంటుంది, రెండిటి ముందూ ఒకే జనం నడుస్తారు. గ్యాలరీ తలుపు తోయడానికి జంకే మనిషి రోడ్డు మీద జంకడు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళు నా బొమ్మల్లోని చీరకట్టునూ కొప్పునూ చూసి ఆగిపోయి, మీది ఏ ఊరండీ అని మొదలుపెడతారు. ఆ తరవాత భార్యాభర్తలు సోఫా వెనక గోడను గుర్తు చేసుకుంటూ గాలిలో జానలతో కొలుచుకుంటారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళకు వీడియోకాల్ చేసి బొమ్మ చూపిస్తారు. పెద్దావిడ ఫోన్‌లోనుంచి “బాగుంది గానీ, నవ్వడం లేదేమిట్రా ఆ అమ్మాయి?” అంటుంది.

కొనేవాళ్ళు అడిగే మార్పుల గురించి ఒక పుస్తకమే రాయవచ్చు. ఎక్కువమంది అడిగేది, ముఖం కొంచెం తెల్లగా చేసివ్వగలరా అని. అది నేను చేయను. మట్టిరంగు పూత మీద కట్టుకొచ్చిన బొమ్మకు ముఖం ఒక్కటీ తెల్లబరిస్తే మెడ దగ్గర తల అతికించినట్టు ఉంటుందని మొదట పనివాడి భాషలోనే చెబుతాను. అప్పటికీ వినకపోతే, ఎండలో కూర్చుని పూలు కట్టే మనిషి ఇలాగే ఉంటుందని చెబుతాను. సోఫా రంగుకు సరిపోయేలా చీర రంగు మార్చమంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు, చీరలు ఎటూ మార్చుకునేవే. చిత్రకారుడు తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీలలాగా వేసివ్వమని అడిగేవాళ్ళు చాలామంది. ఆ పెద్ద బొట్టు, పసుపు పూసిన ముఖం, ముదురు ఎరుపు చీర ఆయన దశాబ్దాల తపస్సుతో కట్టుకున్న లోకం. దాన్ని 3,500కు నకలు తీసివ్వడం చవక కళ అనిపించుకోదు, దొంగ సరుకు అనిపించుకుంటుంది. ఫ్రేముల దుకాణాల్లో అలాంటివి వరసగా వేలాడుతుంటాయి.

ఏ బొమ్మలు అమ్ముడుపోతాయో, ఏవి మిగిలిపోతాయో కూడా నాకు ఇప్పుడు బాగానే తెలుసు. పూలు, నీళ్ళ బిందెలు, తల్లీబిడ్డా పోతాయి. మగవాళ్ళ బొమ్మలు పోవు. గోదావరిలో వల విసిరే మనిషిని, బీడీ వెలిగించుకుంటున్న రిక్షావాడిని, షాపు ముందు కునికే కాపలాదారును ఎంత బాగా వేసినా జనం మెచ్చుకుని ముందుకు వెళ్ళిపోతారు. ముసలివాళ్ళ బొమ్మల పరిస్థితి అంతకంటే అన్యాయం. ఒకావిడ అయితే బోసి నుదురు అవ్వ బొమ్మను చాలాసేపు చూసి, బొట్టు పెడితే తీసుకుంటానంది. పెట్టలేదు. ఆ అవ్వ ఇప్పటికీ నా గదిలోనే ఉంది. పూలావిడల మీద వచ్చిన డబ్బుతో కాపలాదారులను వేస్తున్నానని చెప్పుకోవచ్చు.

నా బొమ్మల్లోని మనుషులకు నా బొమ్మ కొనే స్తోమత ఉండదు, ఈ ఇబ్బంది నుంచి తప్పించుకునే దారి నాకు దొరకలేదు. కూర్చున్న సమయానికి డబ్బు ఇస్తాను, ఫోటో తీయాలంటే అడిగి తీస్తాను, అడిగినవారికి ఒక పెన్సిల్ బొమ్మ గీసి ఇస్తాను. పూలావిడకు తన బొమ్మ ఎంతకు అమ్ముడుపోయిందో చెప్పినప్పుడు ఆవిడ మొగ్గలు ఏరడం ఆపకుండానే అంది: “నా బొమ్మకి మూడున్నర వేలా బాబూ? మరి నా దగ్గర పూలు కొనేవాళ్ళు మూరకి అయిదు రూపాయలు తగ్గించమని గంటసేపు బతిమాలుతారే!” నేను ఏమీ అనలేకపోయాను. మూర పూలు కొన్నాను, బేరం చేయకుండా.

ఆ మూడున్నర వేలలో నాకు మిగిలేదెంతో కూడా చెబుతాను, తోటి చిత్రకారులు ఊహించుకునేంత దానం ఇందులో ఏమీ లేదు. బిగించిన 12×16 కాన్వాసు, జెస్సో, రంగులు, వార్నిష్ అన్నీ కలిపి సుమారు 500. సింథటిక్ బద్దతో సాదా ఫ్రేము కట్టిస్తే మరో 450 వరకూ అవుతుంది. టేకు బద్ద అడిగితే అది వాళ్ళ ఖర్చు. బబుల్ ర్యాప్, అట్టపెట్టె, కొరియర్ కలిసి 350. అంటే 2,200 చేతికి వస్తుంది, రెండు రోజుల పనికి. గొప్ప ఆదాయం కాదు, కానీ నెల పొడుగునా పని ఉంటే ఇల్లు గడుస్తుంది. గ్యాలరీలు సాధారణంగా 30 నుంచి 50 శాతం దాకా కమీషన్ తీసుకుంటాయి. వాళ్ళ అద్దెలూ కరెంటు బిల్లులూ చూస్తే అది అన్యాయమని అనలేను, కానీ ఆ కమీషన్ కలుపుకోవాలంటే నా బొమ్మ ధర 5,000 నుంచి 7,000 దాకా వెళ్తుంది, నాకు కావలసిన కొనుగోలుదారు గుమ్మంలోనే ఆగిపోతాడు. కాబట్టి గ్యాలరీకి ఇవ్వను. గ్యాలరీలో ఒక ధరకూ సంతలో ఇంకొక ధరకూ ఒకే రకం బొమ్మ అమ్మడం నాకు నచ్చదు.

ప్రింట్లు ఎందుకు అమ్మవు, ఒక్క బొమ్మను వందమందికి ఇవ్వవచ్చు కదా అని అడుగుతుంటారు. అమ్మేవాళ్ళను తప్పుపట్టను, ప్రింటు అని చెప్పి అమ్మినంతవరకూ. బజారులో జరుగుతున్నది అది కాదు. కాన్వాసు మీద ఇంక్‌జెట్‌తో అచ్చువేసి, దాని మీద పారదర్శకమైన జెల్‌ను కుంచెతో గజిబిజిగా పూసి, చేత్తో వేసినదని చెప్పి నా ధరకే అమ్ముతున్నారు. కొనేవాళ్ళు ఫోన్ టార్చి వెలిగించి పక్కనుంచి ఏటవాలుగా చూడాలి: కుంచె గీతలు బొమ్మలోని ఆకారాన్ని అనుసరించి తిరిగాయా, లేక ముఖానికీ చీరకూ సంబంధం లేకుండా అడ్డదిడ్డంగా పోయాయా? భూతద్దం ఉంటే ఇంకా మంచిది, అచ్చు అయితే రంగు చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది.

బొమ్మ కొన్నాక దానిమీద హక్కులు ఎవరివన్నది చాలామందికి తెలియదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం నేను నా ఇష్టంతో వేసి అమ్మిన బొమ్మ కాన్వాసు కొన్నవారిది, కాపీరైటు నాదే. నేను రాసిచ్చేదాకా దాన్ని వాళ్ళు పుస్తకం అట్ట మీదో క్యాలెండరు మీదో వేసుకోలేరు. వాళ్ళు డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైటు వాళ్ళదే అవుతుంది. అందుకే ఆర్డరు మీద రూపచిత్రం వేసేటప్పుడు నేను ఒక చిన్న కాగితం రాయించుకుంటాను. అదే చట్టంలో 53ఏ అనే సెక్షను ఉంది: చిత్రకారుడు అమ్మిన అసలు బొమ్మను కొన్నవారు మళ్ళీ అమ్మినప్పుడు ఆ ధర పదివేలు దాటితే, చిత్రకారుడికి అందులో కొంత వాటా రావాలి. నా ధరల పట్టికలో ఏదీ పదివేలు దాటదు కాబట్టి ఆ సెక్షనుకూ నాకూ ఇప్పట్లో పరిచయమయ్యే సూచన లేదు.

కాన్వాసు ధర, కొరియర్ ఖర్చు రెండూ పెరిగాయి కనుక వచ్చే ఉగాది నుంచి కాన్వాసు బొమ్మలకు చదరపు అంగుళానికి 20 రూపాయలు తీసుకుంటాను. 12×16 బొమ్మ 3,800 అవుతుంది. 8×10 కాగితం బొమ్మ 1,400 దగ్గరే ఉంచుతాను, ఎందుకంటే జీవితంలో మొదటిసారి ఒక బొమ్మ కొనేవాళ్ళు ఎక్కువగా చేయి పెట్టేది దానిమీదే, వాళ్ళలో చాలామంది ఇంకా చదువుకుంటున్న పిల్లలు. ఇప్పటికే మాట ఇచ్చినవారికి పాత ధరే వర్తిస్తుంది.